గోడ మీద చూపేవా, చేతికి ఇచ్చేవా? స్లైడ్లు చేసే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

స్లైడ్లు చేయడానికి పవర్‌పాయింట్ మంచిదా, గూగుల్ స్లైడ్స్ మంచిదా, కాన్వా మంచిదా అని అడిగేవాళ్ళు చాలామంది. ఆ సంగతి కింద రాశాను. కానీ దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీరు చేసినదాన్ని జనం ఎక్కడ చదువుతారు? మీరు పక్కన నిలబడి మాట్లాడుతుంటే గోడ మీద చూస్తారా, లేక మీటింగ్ అయ్యాక వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని ఇంటికెళ్ళి ఫోన్‌లో చదువుకుంటారా?

గోడ మీద పడే స్లైడ్‌కి మీ గొంతు తోడుంటుంది. వివరం మీరు చెబుతారు, స్లైడ్ చూపిస్తే చాలు. చేతికి వెళ్ళే కాగితానికి ఆ తోడు ఉండదు. చదివేవాడికి సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు కాబట్టి అన్నీ అందులోనే ఉండాలి. ఈ రెండు పనులూ ఒకే ఫైలుతో కానిద్దామని చూసినప్పుడే చిక్కొస్తుంది. తర్వాత పంపాలి కదా అని స్లైడ్ నిండా పేరాలు నింపుతారు. వాటిని గోడ మీద వేసి, జనానికి వీపు పెట్టి చదువుతారు. వినేవాళ్ళు మనకంటే వేగంగా చదివేసి, మనం ముగించేదాకా ఎదురుచూస్తారు. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తే బాగా తలకెక్కుతుందనీ, అవే మాటల్ని తెర మీద కూడా రాస్తే నేర్చుకోవడం తగ్గుతుందనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చూపించాయి.

అందుకే నా సలహా: రెండు ఫైళ్ళు చేయండి. పని రెట్టింపు అవుతుందని భయపడక్కర్లేదు. ముందు చేతికిచ్చే రెండు పేజీల నోట్ రాసుకోండి. అది రాస్తే మీకే విషయం స్పష్టపడుతుంది. స్లైడ్లు అందులోంచి వాటంతట అవే వస్తాయి: ఏ మాట దగ్గర బొమ్మ కావాలో, ఏ అంకెను అందరూ ఒకేసారి చూడాలో అవి మాత్రమే.

అసలు స్లైడ్లు వద్దనే సందర్భం

నిర్ణయం వివరాల మీద ఆధారపడి ఉంటే స్లైడ్ల కంటే కాగితం మేలు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ కొలంబియా వ్యోమనౌకది. 2003 జనవరి 16న బయల్దేరిన దాదాపు 82 సెకన్లకు బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఆ దెబ్బ ఎంత ప్రమాదమో బోయింగ్ ఇంజనీర్లు అంచనా వేసి, నాసా అధికారులకు స్లైడ్లలో చూపించారు. అందులో ఒక స్లైడ్ శీర్షిక ధైర్యం చెబుతున్నట్టు ఉంది. కింద చిన్న అక్షరాల్లో అంచెలంచెలుగా పాయింట్లు. అట్టడుగున ఉన్న మాట ఇది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, నిజంగా తగిలింది 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. పరీక్షల లెక్కలు ఈ సందర్భానికి సరిపోతాయో లేదో చెప్పలేమన్నదే అక్కడి అసలు విషయం. అది అడుగున ఉండిపోయింది.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి కారణం స్లైడే అని నేను అనను. కానీ దర్యాప్తు సంఘం తన నివేదికలో ఆ ఒక్క స్లైడ్‌కి ప్రత్యేకంగా చోటిచ్చి, సమాచారాన్ని బొమ్మలుగా, పట్టికలుగా చూపడంలో నిపుణుడైన ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను చేర్చింది. సాంకేతిక పత్రాలు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టడం నాసాలో అలవాటైపోయిందని తప్పుపట్టింది. ముఖ్యమైన అంకెను శీర్షికలో పెట్టి ఉంటే ఎవరైనా ఆగి అడిగేవారేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపించి, వాక్యాల్లో రాసిన నోట్ తెమ్మన్నారు. గరిష్ఠంగా ఆరు పేజీలు. మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా అది చదువుతారు, తర్వాతే చర్చ. మన దగ్గర కూడా బడ్జెట్, ఆడిట్, ప్రాజెక్టు నివేదిక లాంటివాటికి ఇదే పద్ధతి నప్పుతుంది. మ్యాపు, స్థలం ఫొటో మాత్రం తెర మీద చూపించండి.

లెక్కల పాఠానికి నల్లబల్ల మేలు. సూత్రం ఒక్కో అడుగూ ఎలా వచ్చిందో పిల్లల కళ్ళ ముందే జరగాలి. స్లైడ్‌లో అయితే చివరి అడుగు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది, మాస్టారి వేగం పెరిగిపోతుంది. కరెంటు నమ్మకం లేని ఊళ్ళో అయితే ఫ్లెక్సీ మీద ప్రింటు చేయించిన రెండు మూడు పెద్ద బొమ్మలు ప్రొజెక్టర్ కంటే బాగా పనిచేస్తాయి. అది పగటి వెలుగులో కనబడుతుంది, చివర దాన్ని అక్కడే గోడకు వదిలిరావచ్చు.

శీర్షికలో పేరు పెట్టాలా, విషయం చెప్పాలా?

స్లైడ్లు చూపాలనే తేల్చుకున్నారనుకుందాం. రూపకల్పనలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు శీర్షికది. శీర్షికను రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి విషయం పేరు: ‘గులాబీ రంగు పురుగు – యాజమాన్యం’. రెండోది పూర్తి వాక్యం. రెండో పద్ధతిని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ ఆలీ ఇంజనీరింగ్ విద్యార్థులకు చాలాకాలం నేర్పిస్తూ వచ్చారు: పైన ఒక వాక్యంలో చెప్పదలచినది, కింద దానికి ఆధారంగా బొమ్మో గ్రాఫో. బుల్లెట్ పాయింట్లు ఉండవు.

రైతు వేదికలో పత్తి రైతులకు చెప్పే స్లైడ్‌నే తీసుకోండి. మొదటి పద్ధతిలో శీర్షిక కింద ఏడెనిమిది పాయింట్లు ఉంటాయి: పురుగు జీవితచక్రం, నష్టం లక్షణాలు, లింగాకర్షక బుట్టలు, ఆర్థిక నష్ట పరిమితి, మందుల పేర్లు. రెండో పద్ధతిలో శీర్షికే ఇలా ఉంటుంది: ‘బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టాలి’. కింద బుట్టలో పడ్డ పురుగుల ఫొటో పెద్దది ఒకటి. తర్వాతి స్లైడ్‌లో గుడ్డిపూవు ఫొటో, పైన ‘ఇలా ముడుచుకున్న పువ్వులో పురుగు ఉంటుంది, తెంపి నాశనం చేయండి’. నెల తర్వాత ఆ రైతుకు చేలో గుర్తుండేది ఈ రెండే, పనికొచ్చేదీ ఇవే. మందుల పేర్లూ మోతాదులూ కాగితంలో ఇవ్వండి. అవి గుర్తుపెట్టుకునేవి కావు, దుకాణంలో చూపించేవి.

ఇంకో మాట. అదే సమావేశానికి నిజమైన బుట్ట ఒకటి, చేలోంచి తెచ్చిన గుడ్డిపూలు నాలుగు పట్టుకెళ్ళగలిగితే ఆ రెండు స్లైడ్లు కూడా అక్కర్లేదు.

వాక్య శీర్షికకు ఒక ఇబ్బంది ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. శీర్షిక మూడు లైన్లు సాగితే అడుగు దాకా చదివితే గాని చేయాలో వద్దో తెలియదు. కాబట్టి రెండు లైన్లు దాటనివ్వకండి. దాటుతోందంటే సాధారణంగా అందులో రెండు విషయాలు ఉన్నాయని అర్థం. రెండు స్లైడ్లు చేయండి.

‘ఎన్ని స్లైడ్లు ఉండాలి’ అన్నదానికి రకరకాల కొలతలు ఉన్నాయి. పెట్టుబడి అడగడానికి వచ్చేవాళ్ళకు గై కవాసాకి చెప్పింది పది స్లైడ్లు, ఇరవై నిమిషాలు, ముప్పై పాయింట్ల అక్షరాలు. 2003లో టోక్యోలో మొదలైన పెచకుచ అనే ప్రసంగ పద్ధతిలో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. స్టార్టప్ వాళ్ళకు మొదటిది పనికొస్తుంది, కాలేజీ ఫెస్టులో రెండోది సరదాగా ఉంటుంది. మధ్యలో లేచి ప్రశ్నలు అడిగే సభలో మాత్రం పెచకుచ అస్సలు పెట్టకండి. లెక్కపెట్టాల్సింది నిమిషాలను. పది నిమిషాల ప్రాజెక్టు రివ్యూలో అయిదు నిమిషాలు ‘పరిచయం’, ‘లక్ష్యాలు’, ‘విషయ సూచిక’ తినేస్తే, మీరు నిజంగా చేసిన పని దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొడతారు. ఆ మూడు స్లైడ్లు తీసేయండి, మీ ఫలితంతో మొదలుపెట్టండి.

ఏ సాఫ్ట్‌వేర్?

ఇది మీ అభిరుచి కంటే, ఆ రోజు ఎవరి కంప్యూటర్ మీద నడుస్తుంది, అక్కడ నెట్ ఉందా అన్నదాన్నిబట్టి తేలుతుంది.

మీ సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి చూపించేటట్టయితే పవర్‌పాయింట్‌కే నా ఓటు. నెట్ అక్కర్లేదు. ప్రెజెంటర్ వ్యూలో జనానికి స్లైడ్ కనిపిస్తుంది, మీ తెర మీద మీ నోట్సు, తర్వాతి స్లైడ్, గడియారం కనిపిస్తాయి. మాట్లాడేటప్పుడు ‘బి’ నొక్కితే తెర నల్లబడుతుంది, అందరి చూపూ మీ వైపు తిరుగుతుంది. పదిహేనో స్లైడ్ కావాలంటే 15 కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. దీని లోపం ఖరీదు. పైగా అలవాటు కొద్దీ దాన్ని తెరవగానే బుల్లెట్ల పెట్టె ఎదురొస్తుంది, దాన్ని నింపాలనిపిస్తుంది. ఖాళీ లేఅవుట్‌తో మొదలుపెడితే ఆ చిక్కు పోతుంది.

నలుగురు కలిసి చేసే పని అయితే గూగుల్ స్లైడ్స్ తప్ప ఇంకోటి వద్దు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘నిజంగా ఫైనల్’ అని ఫైళ్ళు తిరిగే బాధ ఉండదు. ఎవరు ఏం మార్చారో వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఉచితం. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న తెలుగు అక్షరాలు ఇందులోనే దొరుకుతాయి. కానీ మన దగ్గరున్న వేరే ఫాంట్‌ను ఎక్కించలేం. ఆఫ్‌లైన్‌లో పనిచేయాలంటే ముందురోజే ఆ సదుపాయం ఆన్ చేసుకుని ఉండాలి. హాల్లో వైఫై పాస్‌వర్డ్ కోసం వెతుక్కోవడం కంటే టెన్షన్ ఇంకోటి లేదు.

కాన్వాను నేను పోస్టర్లకూ, ఫోన్‌లో చూసే నిలువు పేజీలకూ వాడమంటాను. డిజైన్ రానివాళ్ళకు కూడా చూడ్డానికి బాగుండేది తయారవుతుంది. అయితే దాని టెంప్లేట్లు అలంకారానికి ఎక్కువ చోటిస్తాయి. మూలల్లో పూలూ ఆకులూ, మధ్యలో మిగిలిన చోట మన విషయం. పవర్‌పాయింట్ ఫైలుగా దించుకుంటే అక్షరాలు అటూ ఇటూ జరిగే అవకాశం ఉంది. మీ సొంత ఫాంట్ ఎక్కించాలంటే డబ్బు కట్టాలి.

లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ ఉచితం, లినక్స్ ఉన్న కంప్యూటర్లలో నిశ్చింతగా నడుస్తుంది. ఇందులో చేసినది ఇందులోనే చూపిస్తే ఏ ఇబ్బందీ లేదు. సమీకరణాలు ఎక్కువున్న పరిశోధన సెమినార్ అయితే లేటెక్‌లో స్లైడ్లు చేసే బీమర్ వైపు వెళ్ళండి, మిగతావాళ్ళకు అది అనవసర శ్రమ.

వేరేవాళ్ళ కంప్యూటర్ మీద చూపించాల్సి వస్తే మాత్రం దేంట్లో చేసినా సరే, పీడీఎఫ్ తీసుకెళ్ళండి. అందులో అక్షరాలు చెదరవు. యానిమేషన్ పోతుంది కదా అంటారా? దాని బదులు ఒకే స్లైడ్‌ను మూడు కాపీలు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క అదనంగా పెట్టండి. చూసేవాళ్ళకు అదే అనుభవం, ఎక్కడా చెడిపోదు. వెనక్కి వెళ్ళినప్పుడు కూడా గందరగోళం ఉండదు. ఎగిరొచ్చే అక్షరాలూ గిరగిర తిరిగే బొమ్మలూ ఎలాగూ అక్కర్లేదు.

తెలుగు అక్షరాల దగ్గర

ఇంగ్లిష్ స్లైడ్లకు రాసిన సలహాలు తెలుగుకు నేరుగా సరిపోవు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే మన స్లైడ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మొదటి ఎంపిక అను ఫాంట్లా, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే యూనికోడా? డీటీపీ వాళ్ళకు అను చేతికి అలవాటు. కానీ అందులో టైపు చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. గూగుల్ స్లైడ్స్‌లో అసలు కుదరదు. ఫైలులో ఏదైనా తెలుగు మాట వెతికితే దొరకదు. స్లైడ్లకు యూనికోడ్ ఒక్కటే దారి. ఫ్లెక్సీ షాపువాళ్ళకు ఇవ్వాలంటే పీడీఎఫ్‌గా ఇవ్వండి.

తర్వాత ఏ ఫాంట్? విండోస్‌లో వచ్చే నిర్మలా యూఐ పనికి లోటు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో చాలా ఉన్నాయి. రామభద్ర లావుగా నిండుగా ఉంటుంది, శీర్షికకు బాగుంటుంది, కింద పాఠానికి వాడితే ఊపిరాడదు. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఈ రెండిటిలో ఒక్కోదానికి ఒక్క మందమే ఉంది. మండలిని ఎంచుకుని బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ దొంగ మందం సృష్టిస్తుంది, వత్తుల్లో ఖాళీలు పూడిపోతాయి. ఒకే కుటుంబంలో సన్నం, మామూలు, లావు అన్నీ కావాలంటే నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు చూడండి. ఎక్కువసార్లు నేను సూచించేది అనెక్. అందులో అక్షరాల వెడల్పు కూడా ఎంచుకోవచ్చు, పొడవైన తెలుగు మాటలకు అది వరం. ఇటాలిక్ జోలికి వెళ్ళకండి. మన లిపికి అది సహజం కాదు, వంగిన అక్షరాలు వెనక వరుసకు అలుక్కుపోయినట్టు ఉంటాయి. పెద్దక్షరాలు మనకు లేవు కాబట్టి నొక్కి చెప్పాలంటే మందమో రంగో వాడండి.

వరసల మధ్య దూరం ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. ‘రాష్ట్రం’, ‘శాస్త్రం’ లాంటి మాటల్లో వత్తుల కింద వత్తులు వస్తాయి, కింది లైన్లో గుడులు వాటికి తగులుతాయి. లైన్ స్పేసింగ్ 1.2 నుంచి 1.3 మధ్య పెట్టి చూడండి. పవర్‌పాయింట్‌లో ఇంకో ఉచ్చు ఉంది. పెట్టెలో మాటలు పట్టకపోతే అది మనకు చెప్పకుండానే అక్షరాల సైజునూ, వరసల దూరాన్నీ తగ్గించేస్తుంది. ఆ ఆటోఫిట్ తీసేయండి. పట్టకపోతే మాటలు తగ్గించాలి గాని అక్షరం చిన్నది కాకూడదు. రెండు అంచులూ సమం చేసే జస్టిఫై కూడా వద్దు. మన మాటలు పొడవు కాబట్టి మధ్యలో పెద్ద సందులు పడతాయి.

సైజు సంగతి. వాక్యాలకు 28 పాయింట్లు, శీర్షికకు 36, అంతకు తగ్గకుండా చూసుకోండి. అయినా అంకె కంటే పరీక్ష నమ్మదగింది. హాల్లో తెర ఎత్తు 5 అడుగులు, చివరి వరుస 40 అడుగుల దూరం అనుకుందాం. ఆ చివరి మనిషి తెర ఎత్తుకు 8 రెట్ల దూరంలో ఉన్నాడు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు సుమారు ఏడున్నర అంగుళాలు, దానికి 8 రెట్లు 5 అడుగులు. స్లైడ్‌ను తెర నిండా పెట్టి 5 అడుగులు వెనక్కి జరగండి. అక్కడినుంచి చదవలేకపోతే చివరి వరుసా చదవలేదు.

తెర ఆకారం, వెనక రంగు

పవర్‌పాయింట్ 2013 నుంచి కొత్త ఫైలు 16:9 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి)లో తెరుచుకుంటుంది. టీవీలకూ కొత్త ప్రొజెక్టర్లకూ అదే సరి. కానీ పాత సెమినార్ హాళ్ళలో 1024×768 ప్రొజెక్టర్లు, అంటే 4:3వి, ఇంకా తగులుతుంటాయి. వాటి మీద 16:9 స్లైడ్ వేస్తే పైనా కిందా నల్లపట్టీలు పడి, అదే పాయింటు సైజు అక్షరం పావు వంతు చిన్నదవుతుంది. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కనుక్కోలేకపోతే 16:9లోనే చేసి, అక్షరాలు ఒక మెట్టు పెద్దవి పెట్టండి.

ముదురు నేపథ్యమా, లేతదా అంటే గది వెలుగు నిర్ణయించాలి. ప్రొజెక్టర్ వెలుగును మాత్రమే వేయగలదు, నలుపును వేయలేదు. స్లైడ్‌లో నల్లగా ఉన్నచోట గదిలో ఉన్న తెర రంగే కనిపిస్తుంది. కిటికీలు తెరిచి ఉన్న హాల్లో అది బూడిదరంగు. అక్కడ తెల్ల నేపథ్యం మీద నల్లటి అక్షరాలు పెట్టండి. లైట్లు ఆర్పిన ఆడిటోరియంలోనూ, ఎల్ఈడీ తెర మీదా ముదురు నేపథ్యం కంటికి హాయి. గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి తేడా చూపించకండి. ఆ రెండూ ఒకేలా కనిపించే మగవాళ్ళు సభలో ఒకరిద్దరు ఉండొచ్చు. నీలం, నారింజ వాడితే ఈ ఇబ్బంది రాదు. పోలిక చూపాలంటే కడ్డీల గ్రాఫ్, ఎదుగుదలకు గీత. గుండ్రటి ‘పై’ (pie) చార్టు రెండు ముక్కలకు మించితే వద్దు.

ఇక ఫోన్‌కి పంపే ఫైలు. అడ్డంగా ఉన్న స్లైడ్‌ను నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో చూస్తే వెడల్పు అయిదో వంతుకు పడిపోతుంది. 28 పాయింట్ల అక్షరం దాదాపు 6 పాయింట్లవుతుంది, పెద్దవాళ్ళు కళ్ళద్దాలు సవరించుకుని వదిలేస్తారు. అదే నోట్‌ను ఏ5 సైజు నిలువు పేజీలో 18 పాయింట్లలో పెడితే ఫోన్‌లో వేళ్ళతో సాగదీయకుండా చదవొచ్చు. స్లైడ్ సైజును మార్చి పవర్‌పాయింట్‌లోనే చేసుకోవచ్చు, గూగుల్ స్లైడ్స్‌లోనూ కుదురుతుంది.

కాగితం ముందు పంచాలా, తర్వాతా? పట్టిక ఎదురుగా ఉంటే గాని చర్చ సాగదన్నప్పుడు ముందే ఇచ్చి, చదవడానికి అయిదు నిమిషాలు వదిలేయండి, ఆ సేపు మీరు మాట్లాడకండి. మిగతా అన్ని సందర్భాల్లో చివర ఇవ్వండి, కానీ మొదట్లోనే ఆ మాట చెప్పేయండి. చివర్లో కాగితం వస్తుందని తెలిస్తే స్లైడ్ మారిన ప్రతిసారీ ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీయడం ఆగుతుంది.